అందరూ బాగుందన్న సినిమా మీకెందుకు ఎక్కలేదంటే

మీ ప్రశ్న చదివాను. ఉద్యోగం మీద కొత్తగా వైజాగ్ వచ్చారు, మధురవాడలో దిగారు, అందరూ ఆహా ఓహో అన్న సినిమాలు రెండు మూడు చూస్తే మీకేమీ అనిపించలేదు, తేడా సినిమాలో ఉందా మీలో ఉందా తెలియడం లేదు. ఈమధ్య నేను చూసినవాటిలో ఏవి హాల్లో చూడాలి, ఏవి ఓటీటీకి వదిలేయొచ్చు, టీవీకి సౌండ్‌బార్ కొనాలా అక్కర్లేదా చెప్పమన్నారు. చివర్న విశేషాలేంటి సార్ అని కూడా అడిగారు. ముందు అదే చెప్పేస్తా, మిగతాది మొదలుపెడితే ఆగను కాబట్టి.

మేం కంచరపాలెంలోనే ఉన్నాం, అదే వీధి, అదే మేడ మీద వాటా. థియేటర్లో ఆపరేటర్ పని మానేశాక ఇళ్లకి వెళ్లి టీవీలు, సౌండ్ సిస్టమ్‌లు బిగించే పని పెట్టుకున్నా. దసరా నుంచి తీరిక లేదు. కొత్త అపార్ట్‌మెంట్లన్నీ మీ వైపే లేస్తున్నాయి గనక నా సగం వారం మధురవాడ, పీఎం పాలెంలోనే గడుస్తోంది. మా ఆవిడకి 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం పుణ్యమా అని బస్సు టికెట్ లేదు, వాళ్లక్క ఉండేది అనకాపల్లి, ఇక చూసుకోండి, పొద్దున్నే కూర వండేసి ఆధార్ కార్డు పర్సులో పెట్టుకుని వెళ్లిపోతుంది, సాయంత్రానికి బెల్లం దిమ్మతో దిగుతుంది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది గానీ వాన మాత్రం మమ్మల్ని కూడా వదల్లేదు. 2014లో హుద్‌హుద్‌ని చూసినవాళ్లం కదా, గాలి శబ్దం కొంచెం మారితే చాలు వీధిలో అందరూ బకెట్లు నింపేసి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టేసి కూర్చుంటారు. ఈసారి పెద్దగా ఏమీ కాలేదు. కార్తీకంలో వనభోజనాలకి కంబాలకొండ వెళ్లాం, పులిహోర మిగిలింది, గొడవలేం మిగల్లేదు. విశేషాలు ఇవే.

ఇక మీ బాధ. ఎవరైనా ఫలానా సినిమా బాగుందన్నా, బాగోలేదన్నా, నేను కథ అడగను. ఎక్కడ చూశావు, ఏ షో, ఎవరితో వెళ్లావు, ఏ వరసలో కూర్చున్నావు, ఇవి అడుగుతా. జనం నన్ను వింతగా చూస్తారు. కానీ ఒకే సినిమాని రోజుకి నాలుగు ఆటలు, వారాల తరబడి ప్రొజెక్టర్ క్యాబిన్ కిటికీలోంచి చూసినవాడికి ఇంకో ప్రశ్న తట్టదు. శుక్రవారం ఫస్ట్ షోకి నవ్వు పేలిన చోట సోమవారం మ్యాట్నీకి దగ్గులు వినపడతాయి. సినిమా మారలేదు, డైలాగ్ మారలేదు. బయటికొచ్చాక మాత్రం ఒకడు సూపర్ అంటాడు, ఇంకొకడు ల్యాగ్ అంటాడు, ఇద్దరూ నిజమే చెబుతారు.

రీళ్ల కాలంలో ఇది ఇంకా ఎక్కువ. 35 ఎం.ఎం. ఫిల్మ్ సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు లాగేస్తుంది. 2,000 అడుగుల రీలు ఇరవై నిమిషాలు కాస్త దాటేసరికి అయిపోతుంది. క్యాబిన్లో మెషీన్లు రెండు. ఒకదాంట్లో రీలు చివరికొచ్చేసరికి తెర మీద కుడిపక్క పైమూల చిన్న చుక్క పడుతుంది, అది చూసి రెండో మెషీన్ మోటారు వేయాలి, ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క పడుతుంది, అప్పుడు మార్చేయాలి. కింద హాల్లో కూర్చున్న జనంలో ఒక్కరు కూడా ఆ చుక్క చూడరు. నాకు మాత్రం ఇప్పటికీ టీవీలో పాత సినిమా వేస్తే కన్ను ఆ మూలకే పోతుంది, హీరోయిన్ ఏడుస్తున్నా సరే. కార్బన్ కడ్డీల దీపం అయితే రెండు కడ్డీల మధ్య ఎడం ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి. టీ తాగుతూ రెండు నిమిషాలు ఏమరిస్తే తెర మీద వెలుగు పడిపోయేది, కింద జనం ఫొటోగ్రఫీ బాగోలేదనుకునేవాళ్లు. పాపం ఆ కెమెరామన్‌కి తెలియదు తన పేరు ఎక్కడ పోయిందో.

ఇప్పుడు రీళ్లు లేవు కదా అంటారు. ఇప్పుడు సినిమా హార్డ్ డిస్క్‌లోనో శాటిలైట్ మీదో సర్వర్‌లోకి వస్తుంది, దానికి కేడీఎం అని ఒక తాళంచెవి ఫైలు విడిగా వస్తుంది. ఏ మెషీన్‌లో, ఏ రోజు ఏ టైమ్ నుంచి ఏ రోజు దాకా ఆడాలో అన్నీ అందులోనే ఉంటాయి, ఆ టైమ్ రాకముందు మీరు తలకిందులుగా తపస్సు చేసినా తెర మీద బొమ్మ పడదు. ఒక పెద్ద హీరో సినిమాకి, ఏ హాలో చెప్పను, ఆ ఫైలు రావడం బాగా ఆలస్యమైంది. కింద జనం కుర్చీలు బాదుతున్నారు, మేనేజర్ ఫోన్ మీద ఫోన్, నేను స్క్రీన్ మీద ఆ ఎర్ర అక్షరాల వంక చూస్తూ నిలబడ్డా. చివరికి సినిమా పడింది, ఇంటర్వెల్లో అందరి నోటా ఒకటే మాట, ఫస్ట్ హాఫ్ సాగదీశాడని. సాగదీసినట్టు ఉండదా మరి, తెర తీసేలోపే సగం సినిమా అంతసేపు కూర్చోబెట్టాం.

ఇంకో రెండు సంగతులు మీరు గుర్తుపెట్టుకోండి. ఒకటి వెలుగు. డిజిటల్ సినిమాకి తెర మధ్యలో 14 ఫుట్-లాంబర్ట్‌ల (తెర వెలుగుని కొలిచే లెక్క) వెలుగు ఉండాలని రూలు ఉంది. ప్రొజెక్టర్లో ఉండే జినాన్ దీపం పాతబడేకొద్దీ ఆ వెలుగు తగ్గుతూ పోతుంది, దీపం ఖరీదైన సరుకు, కాబట్టి కొన్ని చోట్ల దాన్ని పీల్చి పిప్పి చేసేదాకా మార్చరు. దాని మీద 3డీ అద్దాలు పెట్టుకుంటే ఉన్న వెలుగులో సగానికి పైగా పోతుంది. రాత్రి సీన్లు ఎక్కువున్న సినిమాని డిమ్ముగా ఉన్న తెర మీద 3డీలో చూసి ఏం కనపడలేదని తిట్టేవాళ్లని నేను చాలామందిని చూశా. రెండోది సౌండ్. సినిమా మిక్సింగ్ థియేటర్ సౌండ్ ప్రాసెసర్ మీద వాల్యూమ్ 7 నంబరు దగ్గర పెడితే ఎలా ఉంటుందో ఆ లెక్కన చేస్తారు. ఫైట్లు మరీ చెవులు చిల్లులు పడేలా ఉన్నాయని ఎవరో ఒకరు వచ్చి గొడవ పెట్టుకుంటారు, దాన్ని తెచ్చి నాలుగున్నరకి దించుతారు, అప్పుడు ఫైట్లు పర్వాలేదు, గుసగుసగా చెప్పిన మాటలు మాత్రం ఏసీ హోరులో కలిసిపోతాయి. కథ మలుపు తిరిగేదే ఆ గుసగుసలో అనుకోండి, మీకేం ఎక్కుతుంది?

సరే, సినిమాలు. వరసలో చెప్పను, నాకు గుర్తొచ్చినట్టు చెబుతా.

తండేల్‌ని 2025 ఫిబ్రవరిలో హాల్లో చూశా, నెల తిరక్కుండా నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక మా అమ్మ కోసం ఇంట్లో మళ్లీ పెట్టా. రెండూ వేరే సినిమాల్లా ఉన్నాయి. శ్రీకాకుళం తీరంలో పెద్ద బోట్లు ఆగే హార్బర్ లేక మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద నెలజీతానికి పని చేస్తారు కదా, 2018లో అలా వెళ్లినవాళ్లు సరిహద్దు జలాల్లో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు, కథకి మూలం అది. సముద్రం మీద తుఫాను సీను హాల్లో చూసినప్పుడు నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నా. అదే సీను ఇంట్లో టీవీలో వస్తుంటే మా అమ్మ, గ్యాస్ కట్టేశావా అని అడిగింది. కానీ సాయిపల్లవి ఫోన్ పట్టుకుని ఎదురుచూసే సీన్లు మాత్రం ఇంట్లోనే బాగా అనిపించాయి, హాల్లో అక్కడ కుర్రాళ్లు పాట మొదలవుతుందని ముందే ఈలలు వేసేశారు. మా అమ్మది టెక్కలి వైపు, ఆవిడ చెవికి యాస పరీక్ష మామూలుగా ఉండదు. నాగచైతన్య మామూలుగా మాట్లాడినంతసేపు పాస్ చేసింది, కోపమొచ్చిన చోట మార్కులు తగ్గించింది. నాకైతే జైలు భాగం మరీ తెలిసిన దారిలో పోయింది, ఆ ఆడవాళ్లు ఒడ్డున ఉండి చేసిన పోరాటం ఇంకాస్త చూపించాల్సింది. పెదజాలరిపేటలో నేను సౌండ్ సిస్టమ్ బిగించిన ఇంటి పెద్దాయన, ఆయన చిన్నప్పట్నుంచి వేటకెళ్తున్న మనిషి, ఒకే మాటన్నాడు, గాలివానలో బోటు ఈ చివర నుంచి ఆ చివరికి అరిస్తే వినపడదు బాబూ, చేత్తో సైగ చేసుకుంటాం అని. దర్శకుడు ఆ ముక్క వింటే ఆ సీను ఇంకా బాగుండేది.

కోర్ట్ సంగతి వేరు. 2013 నాటి విశాఖలో కథ, పోక్సో (మైనర్ల మీద లైంగిక నేరాల చట్టం) కేసులో ఇరుక్కున్న కుర్రాడు, వాదించే జూనియర్ లాయరుగా ప్రియదర్శి. ఇది మాటల సినిమా, నాలుగు గోడల మధ్య జరుగుతుంది, కాబట్టి ఇంట్లో చూసినా ఏమీ పోదు. మార్చి 14న రిలీజ్, ఏప్రిల్ 11కే నెట్‌ఫ్లిక్స్, మీరు ఇంకా చూడకపోతే ఈ ఆదివారం చూసేయండి. ప్రేమకథ భాగం నాకు కొంచెం తీపి ఎక్కువైంది. మంగపతిగా శివాజీ ఉన్నాడు చూశారూ, ఆ పంచె సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చే తీరు, అలాంటి మామయ్యో పెదనాన్నో మనందరిళ్లలోనూ ఒకడు ఉంటాడు, అందుకే హాల్లో ఆయన కనపడగానే ఆడవాళ్ల వరసల్లో సణుగుడు మొదలయ్యేది. అది ఒక్కటే ఇంట్లో దొరకదు. చట్టాన్ని మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పడం మెచ్చుకోవాలి.

లిటిల్ హార్ట్స్ మీకెక్కలేదన్నారు, ఓటీటీలో ఒక్కరే చూశారని కూడా మీరే రాశారు. మరి ఎలా ఎక్కుతుందండీ. పెళ్లి భోజనం పార్సిల్ కట్టించుకొచ్చి మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నట్టుంటుంది. ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌లో పడ్డ కుర్రాడి కథ అది, నేను కాలేజీ పిల్లల మధ్య ఇరుక్కుని చూశా, ఒక జోకుకి నవ్వు ఆగేలోపు తర్వాతి రెండు జోకులు వెళ్లిపోయాయి, ఏమన్నాడో తెలియకుండానే నేనూ నవ్వా. తీసిపారేసే సినిమా కాదు, గొప్ప సినిమా కూడా కాదు. కామెడీని మాత్రం ఎప్పుడూ జనంలోనే చూడండి, మొదటి వారంలోనే చూడండి.

దీనికి పూర్తిగా ఎదురు ది గర్ల్‌ఫ్రెండ్. నేను, మా ఆవిడ, మా అమ్మాయి కలిసి వెళ్లాం. రష్మిక నోట్లో మాట నోట్లోనే మింగేసే చోట వెనక వరసలో ఎవరో కామెంట్ చేశాడు, వాడి గ్యాంగ్ అంతా నవ్వింది, ఆ సీను అక్కడే చచ్చిపోయింది. మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. రాత్రి అన్నం దగ్గర మా ఆవిడ, ఆ పిల్ల మొదటి రోజే చెంప మీద ఒకటిస్తే సినిమా పావుగంటలో అయిపోను కదా అంది, దాంతో తల్లీకూతుళ్లు పదకొండింటిదాకా వాదించుకున్నారు, నేను పెరుగు గిన్నె పట్టుకుని వింటూ కూర్చున్నా. అదిగో ఆ వాదన కోసమైనా ఇంట్లో చూడాల్సిన సినిమా. సెకండ్ హాఫ్‌లో ఒకే విషయం కొంచెం తిప్పి తిప్పి చెప్పాడు, అయినా నాకు నచ్చింది.

మహావతార్ నరసింహ అనే యానిమేషన్ సినిమా గురించి వైజాగ్‌లో ఉండి మాట్లాడటం వేరే ఊళ్లో మాట్లాడినట్టు కాదు. మా సింహాద్రి అప్పన్నే వరాహ నరసింహుడు. సినిమాలోనూ ముందు వరాహం హిరణ్యాక్షుడి మీదకొస్తుంది, తర్వాత నరసింహుడు హిరణ్యకశిపుడి మీదకి. కొండ మీద స్వామిని ఏడాదంతా చందనం పూతలోనే చూస్తాం, నిజరూప దర్శనం అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే. అలాంటి ఊళ్లో తెర మీద ఆ రెండు రూపాలూ కళ్లముందుకొస్తే జనం ఎలా ఉంటారో ఊహించుకోండి. గిరి ప్రదక్షిణ అయిన పదిహేను రోజులకి పడింది సినిమా, 32 కిలోమీటర్లు నడిచిన కాళ్ల నొప్పులు తగ్గీ తగ్గకముందే వచ్చి కూర్చున్నారు. నేను చూసిన షోలో ముందు వరసలో ఒక ముసలావిడ చెప్పులు కుర్చీ కింద విప్పి పక్కకి తోసేసి, స్తంభం పగిలే చోట లేచి నిలబడి దణ్ణం పెట్టింది. వెనకవాళ్లెవరూ కూర్చోమని అరవలేదు. బొమ్మ పనితనం అడిగితే మాత్రం, మొదటి సగంలో మనుషుల మొహాలు బిగదీసుకుపోయి ఉన్నాయి, పెదాలకీ మాటకీ పొంతన కుదరదు. చివరి యుద్ధం దగ్గరికొచ్చేసరికి అదంతా మర్చిపోతారు. 3డీ వద్దు, 2డీలో చూడండి అని అందరికీ చెప్పా, ఆ ఎర్రటి వెలుగు అద్దాల్లో సగం చచ్చిపోతుంది. ఇది మళ్లీ ఎక్కడైనా హాల్లో వేస్తే వెళ్లండి, టీవీలో పిల్లల కార్టూన్‌లా కనపడే ప్రమాదం ఉంది.

తుఫాను వెలిసిన వారంలోనే బాహుబలి రెండు భాగాలూ కలిపి ది ఎపిక్ అని వేశారు కదా, మూడుముప్పావు గంటలు. నా మోకాళ్లు వద్దన్నాయి, అయినా వెళ్లా. అవంతిక ప్రేమకథ, కొన్ని పాటలు తీసేయడంతో కథ పరుగెత్తింది, తీసేసినవాటి మీద నాకేం బెంగ లేదు. 2015లో మొదటి భాగం వచ్చినప్పుడు చంకలో ఉన్న పిల్లలు ఇప్పుడు పాప్‌కార్న్ డబ్బాలతో వచ్చి కూర్చున్నారు, కట్టప్ప ఎందుకు పొడిచాడో వాళ్లకి ముందే తెలుసు, అయినా ఆ చోట హాలంతా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. పెద్ద తెర సినిమా అంటే అది.

ఇక మీరు చేయాల్సింది. హాలు ఎంచుకునేటప్పుడు మాల్‌లో ఉందా, జగదాంబ జంక్షన్‌లో పాత సింగిల్ స్క్రీనా అని కాదు, ఆ స్క్రీన్ ఎలా ఉందో కనుక్కోండి. అదే బిల్డింగులో ఒక స్క్రీన్ బ్రహ్మాండంగా, పక్కది మసగ్గా ఉండొచ్చు, ఒకసారి వెళ్లినప్పుడు స్క్రీన్ నంబరు గుర్తుపెట్టుకోండి. సీటు విషయానికొస్తే, అందరూ చివరి వరస కోసం కొట్టుకుంటారు, అది వృథా. తెర నుంచి మూడింట రెండొంతులు వెనక్కి, సరిగ్గా మధ్యలో తీసుకోండి. మాటలు తెర వెనక మధ్య స్పీకర్లోంచి వస్తాయి, తెరకి సన్న చిల్లులు ఉండేది అందుకే. గోడ పక్క కూర్చుంటే మీ చెవి దగ్గర స్పీకర్లోంచి వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. పెద్ద హీరో సినిమాకి మొదటి రోజుల్లో జీవో ఇచ్చి రేట్లు పెంచుతారు, అభిమానం లేకపోతే ఆ డబ్బు దండగ, వారం ఆగండి. కామెడీకి, దెయ్యం సినిమాలకి మాత్రం ఆగొద్దు. ఫ్యామిలీ కథలకి శనివారం మ్యాట్నీ మంచిది, అప్పుడు వచ్చేవాళ్లు సినిమా చూడటానికే వస్తారు. సౌండ్ తక్కువనిపిస్తే బయటికెళ్లి చెప్పండి, నోరు విప్పి అడిగితే పెంచుతారు, క్యాబిన్లో ఉన్నవాడికి కింద ఎలా వినపడుతోందో తెలియదు, అద్దం అవతల ఉంటాడు.

ఇంట్లో అయితే, సౌండ్‌బార్ కొనేముందు ఖర్చు లేని పని రెండు నిమిషాలు చేయండి. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో కదలికల్ని నున్నగా చేసేది ఒకటి ఉంటుంది, ఎల్‌జీలో ట్రూమోషన్ అంటారు, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్ పాత మోడళ్లలో ఆటో మోషన్ ప్లస్. దాన్ని ఆపేయండి. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాకి మధ్యలో లేని ఫ్రేములు పుట్టించి అతికిస్తుంది అది, అందుకే కోటి రూపాయల సెట్టు కూడా మధ్యాహ్నం సీరియల్‌లా కనపడుతుంది. నేను వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అది ఆన్‌లోనే ఉంటుంది. తర్వాత ఓటీటీలో ఆడియో 5.1 (ఆరు స్పీకర్ల కోసం చేసింది) బదులు స్టీరియో దొరికితే అది పెట్టండి, టీవీకున్న రెండు చిన్న స్పీకర్లకి అదే సరిపోతుంది, మాట పైకొస్తుంది. టీవీలో క్లియర్ వాయిస్ లాంటిది ఉంటే ఆన్ చేయండి. ఇవన్నీ చేశాక కూడా మాటలు తెలియకపోతే అప్పుడు సౌండ్‌బార్ ఆలోచించండి, మధ్య స్పీకర్ విడిగా ఉన్నది, అంటే 3.1 అని రాసి ఉన్నది తీసుకోండి. మధ్య స్పీకర్ లేని 2.1 తీసుకుంటే గుద్దుడు పెరుగుతుంది గానీ మాట పెరగదు, పక్క ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు. గోడకి బిగించొద్దు, టీవీ కింద బల్ల మీద అంచుకి జరిపి పెట్టుకోండి చాలు. నేను పీఎం పాలెం వైపు వచ్చినప్పుడు మీ టీవీ మోడల్ నంబరు చెబితే ఏ సెట్టింగ్ ఎక్కడుందో చూసి చెబుతా.